‘ది జంగిల్’: చికాగో కబేళా కార్మికుల నవల, దాని ప్రభావం

‘ది జంగిల్’ అమెరికన్ రచయిత అప్టన్ సింక్లేర్ (1878–1968) ఇంగ్లీషులో రాసిన సాంఘిక నిరసన నవల. 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా, 1906 ఫిబ్రవరిలో పుస్తకంగా వెలువడింది. లిథువేనియా నుంచి పొట్ట చేత పట్టుకొని చికాగో మాంసం ఫ్యాక్టరీలకు వచ్చిన ఒక కుటుంబం కొన్నేళ్లలోనే ఎలా చితికిపోయిందన్నది ఇందులోని కథ. పుస్తకం వచ్చిన నాలుగు నెలలకు అమెరికాలో రెండు చట్టాలు పుట్టాయి. ఒకటి మాంసం తనిఖీకి, రెండోది ఆహారంలోనూ మందుల్లోనూ కల్తీని అరికట్టడానికి. ఒక నవల ప్రభుత్వాన్ని ఇంత త్వరగా కదిలించడం సాహిత్య చరిత్రలో అరుదు. అయితే ఆ రెండు చట్టాల్లోనూ కార్మికుడి ఊసు లేదు. ఎవరి కోసం పుస్తకం రాశాడో వాళ్లకు తప్ప మిగతా అందరికీ మేలు జరగడమే ఈ నవల చరిత్రలోని అసలు చిక్కు.

ప్యాకింగ్‌టౌన్

చికాగో యూనియన్ స్టాక్‌యార్డ్స్ 1865 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఊళ్లో తలో మూలా ఉన్న పశువుల దొడ్లను రైలు కంపెనీలు కలిసి ఒక్కచోటికి చేర్చిన ఏర్పాటు అది. పడమటి మైదానాల్లో మేసిన ఎడ్లు, పందులు, గొర్రెలు రైళ్లలో అక్కడికి వచ్చేవి. మాంసమై, మంచుగడ్డలు పేర్చిన పెట్టెల్లో తూర్పు తీరపు నగరాలకు వెళ్లేవి. గుస్తావస్ స్విఫ్ట్, ఫిలిప్ ఆర్మర్ లాంటి వ్యాపారులు కోట్లకు పడగలెత్తింది ఈ రాకపోకల మీదే. 1900 నాటికి దొడ్లు, కబేళాలు, డబ్బా మాంసం ఫ్యాక్టరీలు అన్నీ కలిసి 475 ఎకరాల దాకా ఆక్రమించాయి. పాతిక వేలకు పైగా మనుషులు అక్కడ పనిచేసేవారు. వాళ్ల పేటకు ప్యాకింగ్‌టౌన్ అని పేరు. కబేళాల నెత్తురు, కొవ్వు, పేగులు పక్కనున్న వాగులో కలిసేవి. అవి కుళ్లి అడుగునుంచి బుడగలు లేస్తూ ఉండేవి కనుక ఆ వాగును బబ్లీ క్రీక్ అన్నారు, ఇప్పటికీ అంటారు.

ఇక్కడి పనితీరు తెలిస్తేగాని నవల అర్థం కాదు. పూర్వం ఒక పశువును కోసి, చర్మం వలిచి, ముక్కలు కొట్టాలంటే పనితనం తెలిసిన కసాయి కావాలి. చికాగోలో ఆ పనిని పదుల కొద్దీ చిన్న ముక్కలు చేశారు. తలకిందులుగా వేలాడదీసిన పశువు పైనున్న కమ్మీ వెంట కదిలి పోతూ ఉంటుంది. వరసలో నిలబడ్డ ఒక్కొక్కడు ఒక్కొక్క కోత కోస్తాడు. రోజంతా అదే కోత. మోటారు కార్ల ఫ్యాక్టరీలో వరసపని పెట్టడానికి ఈ చికాగో కమ్మీలే దారి చూపాయని హెన్రీ ఫోర్డ్ తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. యజమానికి దీనివల్ల రెండు లాభాలు. కమ్మీ వేగం పెంచితే మనుషుల వేగం దానంతటదే పెరుగుతుంది. పనితనంతోనూ భాషతోనూ నిమిత్తం లేకుండా, ఉదయం గేటు ముందు మూగిన జనంలోంచి ఎవర్ని పిలిచి నిలబెట్టినా పని నడుస్తుంది. మొదట ఐరిష్ వాళ్లు, జర్మన్లు, తరవాత బొహీమియన్లు, పోలిష్ వాళ్లు, ఆ వెనక లిథువేనియన్లు, స్లొవాక్‌లు ఒకరి తరవాత ఒకరు ఆ గేటు దగ్గరికి చేరింది అందుకే. వెనక వచ్చినవాళ్లు ముందున్నవాళ్ల కూలిని కిందికి లాగారు. లిథువేనియా అప్పటికి రష్యా జారు ఏలుబడిలో ఉంది. 1864 నుంచి 1904 దాకా లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకం అచ్చువేయడం కూడా నేరమే. పేదరికం, బలవంతపు సైనిక కొలువు, ఈ అణచివేత కలిసి ఊళ్లకు ఊళ్లను ఓడలెక్కించాయి.

రచనకు ముందు

1904 వేసవిలో మాంసం కార్మికులు సమ్మె చేశారు. పని నేర్చిన కసాయిలు, ఏ పనీ నేర్వని కూలీల కోసం సమ్మెకు దిగడం అందులోని విశేషం. నైపుణ్యం లేనివాళ్ల కూలి తగ్గకూడదన్నది వాళ్ల ముఖ్య డిమాండు. జూలైలో మొదలైన సమ్మె సెప్టెంబరుకు ఓడిపోయింది. ఫ్యాక్టరీ యజమానులు దక్షిణాది నుంచి నల్లజాతి కూలీలను, ఇతరచోట్ల నుంచి కొత్త వలసదారులను రైళ్లలో దించి పని సాగించారు.

అప్పటికి సింక్లేర్‌కు 26 ఏళ్లు. బానిసత్వం నేపథ్యంగా ‘మనాసస్’ అనే నవల రాసి ఉన్నాడు, అది పెద్దగా అమ్ముడుపోలేదు. కాన్సస్ రాష్ట్రంలోని జిరార్డ్ అనే చిన్న ఊరి నుంచి వెలువడుతూ లక్షకు పైగా చందాదారులున్న సోషలిస్టు వారపత్రిక ‘అప్పీల్ టు రీజన్’ సంపాదకుడు ఫ్రెడ్ వారెన్ దాన్ని చదివాడు. నల్లజాతి బానిసల గురించి రాశావు, ఇప్పుడు కూలి బానిసల గురించి రాయమని అడిగి, 500 డాలర్లు ముందుగా ఇచ్చాడు. సింక్లేర్ చికాగోలో ఏడు వారాలు ఉన్నాడు. మాసిన బట్టలు వేసుకొని, చేతిలో అన్నం డబ్బా పట్టుకుంటే చాలు, ఫ్యాక్టరీలో ఎక్కడికి వెళ్లినా ఎవరూ అడ్డుకోలేదని తరవాత రాసుకున్నాడు. పగలు చూసింది, రాత్రి కార్మికుల ఇళ్లలో విన్నది పోగుచేశాడు. ఒక ఆదివారం సాయంత్రం సారా దుకాణం వెనక గదిలో జరుగుతున్న లిథువేనియన్ పెళ్లిని చూస్తూ కూర్చున్నాడు. నవలలోని మనుషులు అక్కడ దొరికారు. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గర చిన్న చెక్క గదిలో 1904 క్రిస్మస్ నాడు రాయడం మొదలుపెట్టాడు.

కథ

మొదటి అధ్యాయమే పెళ్లి. యుర్గిస్ రుడ్కుస్ అనే బలిష్ఠుడైన కుర్రవాడికి, ఓనా అనే సుకుమారమైన పిల్లకూ సారా దుకాణం వెనక గదిలో పెళ్లి విందు జరుగుతోంది. వాళ్ల ఊరి ఆచారం ప్రకారం విందుకు వచ్చిన ప్రతివాడూ పెళ్లికూతురితో ఒక చుట్టు నాట్యమాడి, తన శక్తికొద్దీ డబ్బు చదివించాలి. ఆ చదివింపులతో విందు ఖర్చు తీరి, కొత్త కాపురానికి ఇంత మిగలాలి. చికాగోలో పెరిగిన కుర్రాళ్లు మాత్రం పీకలదాకా తిని, తాగి, చదివింపుల వేళకు మెల్లగా జారుకుంటారు. సారా దుకాణదారు తాను పోయనిదానికి కూడా లెక్క వేస్తాడు. తెల్లవారేసరికి పెళ్లి జంట నెత్తిన వంద డాలర్లకు పైగా అప్పు. ఊరి ధర్మం నగరంలో చెల్లదని చెప్పడానికి సింక్లేర్ ఎంచుకున్న ఈ ఘట్టం, నా మట్టుకు నవల మొత్తంలో ఉత్తమమైనది. ఇందులో ఉపన్యాసం ఒక్క ముక్క లేదు.

తరవాత కథ వెనక్కి వెళ్లి, వాళ్లు వచ్చిన రోజులనుంచి సాగుతుంది. యుర్గిస్ కబేళాలో పేగులు ఊడ్చే పనికి కుదురుతాడు, గంటకు పదిహేడున్నర సెంట్లు. అతని ముసలి తండ్రి అంతానాస్, కూలిలో మూడో వంతు లంచంగా ఇస్తానని ఒప్పుకొంటేగాని పని దొరకదు. ఊరవేసే గదుల్లో మందునీళ్లు బూట్లలోకి ఇంకి, పాదాలు పుండ్లుపడి, దగ్గుతో చనిపోతాడు. కుటుంబమంతా కూడబెట్టిన డబ్బుతో వాయిదాల మీద ఇల్లు కొంటారు. ధర 1,500 డాలర్లు, ముందు 300, ఆపైన నెలకు 12. రంగు వేసిన ఆ ‘కొత్త’ ఇల్లు నిజానికి పాతదనీ, వాయిదాలతోపాటు వడ్డీ కూడా కట్టాలనీ, ఒక్క నెల తప్పినా కట్టిందంతా అద్దె కింద జమ అయిపోతుందనీ, తమకు ముందు నాలుగు జాతుల కుటుంబాలు అదే ఇంట్లో అలాగే దివాలా తీశాయనీ పక్కింటి ముసలమ్మ చెప్పేదాకా వాళ్లకు తెలియదు. చదవడం రాని భాషలో పత్రం మీద సంతకం పెట్టినవాళ్ల గతి ఇంతే.

ఆ పైన గోరుచుట్టు మీద రోకటిపోట్లే. కాలు బెణికి పడుకున్న యుర్గిస్‌కు తిరిగి చేరేసరికి ఉద్యోగం ఉండదు. చివరికి ఎవరూ చేరని ఎరువుల ఫ్యాక్టరీలో చేరతాడు. ఓనా ప్రసవించిన వారానికే పనికి వెళ్తుంది. ఆమె పైఅధికారి కానర్, ఇంటిల్లిపాదికీ పని పోగొడతానని బెదిరించి ఆమెను లొంగదీసుకుంటాడు. యుర్గిస్ వాణ్ని కొట్టి జైలుకు వెళ్తాడు, తిరిగొచ్చేసరికి ఇంట్లో వేరేవాళ్లుంటారు. ఓనా పురిట్లో పోతుంది. కొన్నాళ్లకు పసికొడుకు వీధిలో నిలిచిన నీళ్లలో మునిగి చనిపోతాడు. యుర్గిస్ దేశదిమ్మరి అవుతాడు, దొంగతనాలు చేస్తాడు, రాజకీయ నాయకుడి తొత్తుగా ఉంటాడు, సమ్మె సమయంలో తోటివాళ్లకు ఎదురు నిలిచి పనిచేస్తాడు. ఓనా బంధువు మారియా వ్యభిచార గృహంలో కనిపిస్తుంది. చలి కాచుకోడానికి ఒక సభలో దూరిన యుర్గిస్, సోషలిస్టు వక్త మాటలు విని మారిపోతాడు. చివరి నాలుగు అధ్యాయాలూ ఆ సిద్ధాంత చర్చలే.

మాంసం పేజీలు

లోకం ఈ నవలను గుర్తుంచుకున్నది ఈ కథ కోసం కాదు. ఫ్యాక్టరీ లోపలి సంగతులు చెప్పే కొద్ది పేజీల కోసం. మొత్తం పుస్తకంలో అవి పిడికెడు.

వాటిలో ఒక దృశ్యం. కోసిన పందులు చల్లటి గదిలోకి వెళ్లే గుమ్మంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉంటాడు, వచ్చిన ప్రతి పంది మెడ తడిమి క్షయ గడ్డలు ఉన్నాయేమో చూడాలి. సందర్శకుడెవరైనా పలకరిస్తే సంతోషంగా మాటల్లో పడతాడు. క్షయ పంది మాంసం ఎంత ప్రమాదమో వివరిస్తుంటాడు. ఆ వివరణ సాగుతుండగా పది, పన్నెండు పందులు అతని పక్కనుంచి తడమకుండానే వెళ్లిపోతాయి. ఇంకోచోట సాసేజీ గది. చెడిపోయి దుకాణాల నుంచి తిరిగివచ్చిన మాంసం మందులు పోసుకొని మళ్లీ కొత్తదవుతుంది. గుట్టలు పోసిన మాంసం మీద ఎలుకలు తిరుగుతాయి. వాటికి పెట్టిన విషపు రొట్టె, చచ్చిన ఎలుకలు, మాంసం అన్నీ కలిసి యంత్రపు తొట్టిలోకి పోతాయి. ఇదే పుస్తకంలో ఏ పని చేసేవాడికి ఏ రోగం వస్తుందో వరసగా చెప్పిన పేరా కూడా ఉంది. ఊరవేసే గదులవాడి వేళ్లను మందునీళ్లు తినేస్తాయి. గొర్రెల ఉన్ని పీకేవాడి వేళ్లనూ అంతే. ఎముకలు విడదీసేవాడికి బొటనవేలు మిగలదు. చల్లటి గదుల్లో పనివాడికి అయిదేళ్లలో కీళ్లవాతం వస్తుంది. ఆ వరస చివర్లో, ఆవిరి కొప్పెరల్లో జారిపడిన మనుషులు ఒక్కోసారి ఎముకలు తప్ప మిగలకుండా పందికొవ్వుగా బజారుకు వెళ్లారని ఉంది. ప్రభుత్వ విచారణలో రుజువు కాని ఆరోపణ ఈ ఒక్కటే పెద్దది. పాఠకుడు ఆ పేరా చదివి కార్మికుడి వేళ్లను మరిచిపోయాడు. తన పళ్లెంలోని కొవ్వు మాత్రం గుర్తుండిపోయింది.

కూలిని కాజేసే పద్ధతి గురించి సింక్లేర్ రాసింది కూడా మరుగున పడింది. ఒక్క నిమిషం ఆలస్యంగా వస్తే గంట కూలి కోస్తారు. పని గంట నిండకముందే ముగిస్తే ఆ మిగతా నిమిషాలకు డబ్బుండదు. పశువులు వచ్చేదాకా ఉదయమంతా చలిలో నిలబెట్టి, వచ్చాక రాత్రిదాకా పరిగెత్తిస్తారు. వార్తాపత్రికలు దీన్ని పట్టించుకోలేదు.

అచ్చుకు తిప్పలు

ధారావాహిక 1905 ఫిబ్రవరి 25న మొదలై నవంబరు దాకా సాగింది. పుస్తకంగా వేస్తామన్న మాక్‌మిలన్ కంపెనీ నెత్తురూ పేగులూ తీసేయమంది. సింక్లేర్ ఒప్పుకోలేదు, ఒప్పందం పోయింది. అయిదు ప్రచురణ సంస్థలు కాదన్నాయి. అప్పుడతను పాఠకుల నుంచి ముందస్తు డబ్బు పోగుచేసి సొంతంగా అచ్చుకు దిగాడు. జాక్ లండన్ ఆ ప్రతిపాదనకు మద్దతుగా పత్రికలో పెద్ద లేఖ రాసి, దీన్ని హారియట్ బీచర్ స్టో బానిసత్వ నవలతో పోల్చాడు. ఇంతలో డబుల్‌డే, పేజ్ కంపెనీ ముందుకొచ్చింది. వాళ్లు తొందరపడలేదు. తమ మనిషిని, ఒక లాయరును చికాగో పంపి, రాసింది నిజమని నిర్ధారించుకున్నాకే వేశారు. ధారావాహికలోని 36 అధ్యాయాలు పుస్తకంలో 31కి తగ్గాయి. కొద్ది నెలల్లో 17 భాషల్లోకి అనువాదమైంది. ఇంగ్లండులో విన్‌స్టన్ చర్చిల్ దీని మీద సుదీర్ఘ సమీక్ష రాశాడు.

అధ్యక్షుడి బల్ల మీద

అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టుకు మాంసం కంపెనీల మీద ముందునుంచే మంట ఉంది. 1898 స్పెయిన్ యుద్ధంలో సైనికులకు ఇచ్చిన డబ్బా మాంసం అన్యాయంగా ఉందని ఆయన స్వయంగా సాక్ష్యం చెప్పాడు. సోషలిజం అంటే మాత్రం అసలు గిట్టదు. సింక్లేర్‌ను వైట్‌హౌస్‌కు పిలిచాడు, విన్నాడు, ఆ తరవాత అతని ఉత్తరాల, టెలిగ్రాముల వానకు విసిగిపోయాడు. సింక్లేర్ ఇంటికి వెళ్లి దేశాన్ని తనకు వదిలిపెట్టేలా చూడమని ప్రచురణకర్తకు కబురు పంపాడట. అతణ్ని నమ్మలేని ఉన్మాదిగా ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో తిట్టాడు కూడా.

అయినా విచారణ ఆపలేదు. వ్యవసాయ శాఖ చేసిన మొదటి విచారణ నవల అతిశయోక్తి అని తేల్చింది. రూజ్‌వెల్టు దాన్ని నమ్మక, కార్మిక కమిషనరు చార్లెస్ నీల్‌నూ, సంఘసేవకుడు జేమ్స్ రెనాల్డ్స్‌నూ పంపాడు. ఇంతలో ఆర్మర్ కుటుంబ వారసుడు ఓగ్డెన్ ఆర్మర్ ఒక ప్రసిద్ధ వారపత్రికలో తమ ఫ్యాక్టరీలను వెనకేసుకొస్తూ వ్యాసాలు ప్రకటించాడు. నీల్, రెనాల్డ్స్ చూసింది వేరు. కమ్మీ మీదనుంచి జారి మరుగుదొడ్డిలో పడ్డ పంది కళేబరాన్ని కడగకుండానే మళ్లీ వరసలో తగిలించారని వాళ్ల నివేదికలో ఉంది. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నట్టు, ఆ ఒక్క వాక్యం చాలు.

సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ తెచ్చిన మాంసం తనిఖీ ప్రతిపాదన మే 25న సెనేటులో ఎదురులేకుండా నెగ్గింది. ప్రతినిధుల సభలో వ్యవసాయ కమిటీ అధ్యక్షుడు జేమ్స్ వాడ్స్‌వర్త్ దాన్ని నీరుగార్చబోయాడు. రూజ్‌వెల్టు జూన్ 4న నివేదికను కాంగ్రెసుకు పంపి బయటపెట్టాడు. దేశంలో మాంసం అమ్మకాలు పడిపోయాయి, ఐరోపా కొనుగోలుదార్లు వెనకడుగు వేశారు. చివరికి రాజీ కుదిరింది. డబ్బాల మీద తయారీ తేదీ వేయాలన్న షరతు పోయింది. తనిఖీ ఖర్చు కంపెనీలు భరించాలన్నదీ పోయింది, దాని బదులు ఏటా 30 లక్షల డాలర్లు ఖజానా నుంచి ఇస్తారు. 1906 జూన్ 30న రూజ్‌వెల్టు మాంసం తనిఖీ చట్టం మీద, ఆహార ఔషధ చట్టం మీద ఒకే రోజు సంతకం చేశాడు.

రెండో చట్టం ఘనత మొత్తాన్ని నవలకు కట్టబెట్టడం సరికాదు. వ్యవసాయ శాఖ రసాయన విభాగం అధిపతి హార్వీ వైలీ ఏళ్ల తరబడి దానికోసం పోరాడాడు. ఆహారంలో కలిపే మందులను 1902 నుంచి కొందరు ఉత్సాహవంతులైన యువకులకు తినిపించి ఫలితాలు చూశాడు. స్త్రీల సంఘాలు ఉద్యమం నడిపాయి. నాటుమందుల మోసాల మీద శామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్స్ 1905లో వ్యాసాలు రాశాడు. ఇదంతా కాంగ్రెసులో మూలుగుతుండగా ‘ది జంగిల్’ చివరి తోపు తోసింది. వైలీ విభాగమే తరవాత ఎదిగి, 1930 నుంచి ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్ అన్న పేరుతో నడుస్తోంది.

కార్మికుడికి దక్కింది

జనం గుండెకు గురిపెడితే పొరపాటున పొట్టకు తగిలిందని సింక్లేర్ ఆ ఏడాదే వాపోయాడు. అందరూ ఉదహరించే మాటే ఇది. కాని దీన్ని దురదృష్టం ఖాతాలో వేసి ఊరుకుంటే సగమే అర్థమవుతుంది. మాంసం తినేవాడు దేశమంతటా ఉన్నాడు, ఓటు ఉంది, పత్రిక చదువుతాడు. కబేళాలో కోసేవాడు పరాయి దేశస్థుడు, చాలామందికి పౌరసత్వమే లేదు. సింక్లేర్ కూడా తెలియకుండానే మొదటివాడికి సాయపడ్డాడు. ఎలుకల మాంసాన్ని కళ్లకు కట్టాడు. పరిష్కారం దగ్గరికి వచ్చేసరికి సభల్లో ఉపన్యాసాలు వినిపించాడు.

కోర్టులు కూడా అటే నిలబడ్డాయి. రొట్టెల బట్టీ కార్మికులు వారానికి 60 గంటలకు మించి పనిచేయకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని సుప్రీంకోర్టు 1905 ఏప్రిల్‌లో కొట్టేసింది. కూలీకీ యజమానికీ మధ్య ఒప్పంద స్వేచ్ఛలో ప్రభుత్వం వేలు పెట్టరాదన్నది ఆ తీర్పు సారం. అంటే రొట్టె శుభ్రంగా ఉండాలని శాసించవచ్చు, రొట్టె కాల్చేవాడి ఒళ్లు హూనం కాకూడదని శాసించకూడదు. మాంసం కంపెనీలకూ తనిఖీతో నష్టమేమీ రాలేదు. ప్రభుత్వ ముద్ర ఖజానా ఖర్చుతో వచ్చి పడింది, దాంతో పోయిన ఎగుమతి బజారు తిరిగి దక్కింది, నిబంధనల భారం చిన్న కబేళాల మీద ఎక్కువ పడింది. పెద్ద కంపెనీలే ఈ చట్టాన్ని కోరుకున్నాయని గేబ్రియల్ కోల్కో 1963లో వాదించాడు. సింక్లేర్ కూడా అప్పట్లోనే ఈ అనుమానం వెలిబుచ్చాడు. చట్టం నిజంగా ఉపయోగపడిందన్నదీ అంతే నిజం. కోతకు ముందూ తరవాతా ప్రతి పశువునూ చూడడానికి ఫ్యాక్టరీలోనే ఇన్‌స్పెక్టర్లు ఉండే పద్ధతి ఈనాటికీ నడుస్తోంది.

ప్యాకింగ్‌టౌన్ కార్మికులకు నిలకడైన సంఘం 1930ల చివర్లోగాని ఏర్పడలేదు. నల్లజాతి వాళ్లు, తూర్పు ఐరోపా వాళ్లు ఒకే సంఘంలో చేరాకే అది సాధ్యమైంది. 1904, 1921 సమ్మెలను ఓడించింది వాళ్ల మధ్య చీలికే మరి. కనీస కూలి, పని గంటల మీద దేశవ్యాప్త చట్టం 1938లో వచ్చింది. ఆ చట్టాన్ని తెచ్చింది సంఘాలు, మహామాంద్యం. నవల కాదు.

నవలగా

విమర్శకులకు ‘ది జంగిల్’ ఎప్పుడూ ఇబ్బందికరమైన పుస్తకమే. పెళ్లి, ఇల్లు కొనడం, ఎరువుల ఫ్యాక్టరీ ఘట్టాల్లో చెయ్యి తిరిగిన పని కనిపిస్తుంది. కష్టాలు ఒకదానిమీద ఒకటి పడేకొద్దీ యుర్గిస్ మనిషిగా పలచబడి, రచయిత నడిపించినచోటికి నడిచే పాత్ర అవుతాడు. చివరి భాగం నవలను వదిలేసి కరపత్రమైపోయింది. సమ్మెలో పనికి దిగిన నల్లజాతి కూలీల వర్ణన ఇంకా పెద్ద లోపం. వాళ్లూ యజమానుల చేతిలో పావులేనన్న స్పృహ లేకుండా, అప్పటి తెల్లవాళ్ల జాతిద్వేషమే ఆ పేజీల్లో ఒలికింది. వలస కార్మికుడి మీద అంత సానుభూతి చూపిన కలం మరో నిరుపేద దగ్గరికి వచ్చేసరికి తడబడింది. ఇవన్నీ ఒప్పుకొన్నాక కూడా, కూలిపని ఎలా చేస్తారో, అది ఒంటిని ఏ భాగం దగ్గర తినేస్తుందో ఇంత వివరంగా చెప్పిన నవల ఇంగ్లీషులో అంతకుముందు లేదు. జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ చికాగో స్టాక్‌యార్డ్స్ నేపథ్యంగా రాసిన నాటకం మీద దీని ప్రభావం ఉంది.

తరవాత

నవల తెచ్చిన డబ్బుతో సింక్లేర్ న్యూజెర్సీలో హెలికన్ హాల్ అనే సామూహిక నివాసం పెట్టాడు, 1907 మార్చిలో అది కాలిపోయింది. బొగ్గు, చమురు, పత్రికలు ఇలా ఒక్కో పరిశ్రమ మీద ఒక్కో పుస్తకం రాసుకుంటూ పోయాడు. 1933లో నాజీలు అతని పుస్తకాలు తగలబెట్టారు. 1934లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీచేసి ఓడాడు. వేరే నవలకు 1943లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1906 మాంసం తనిఖీ చట్టం రాష్ట్రం దాటని మాంసానికి వర్తించేది కాదు. ఆ సందును పూడ్చే చట్టం మీద 1967 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసినప్పుడు 89 ఏళ్ల సింక్లేర్ అక్కడే ఉన్నాడు.

చికాగో స్టాక్‌యార్డ్స్ 1971లో మూతపడ్డాయి, రాతి ముఖద్వారం మిగిలింది. అప్పటికే మాంసం పరిశ్రమ సంఘాలకు దూరంగా, పశువులకు దగ్గరగా, అయోవా, నెబ్రాస్కా, కాన్సస్ రాష్ట్రాల్లోని చిన్న ఊళ్లకు తరలిపోతోంది. లిథువేనియన్ల చోట మెక్సికో, గ్వాటెమాలా, సొమాలియా, బర్మా వాళ్లు వచ్చారు. 2001లో ‘ఫాస్ట్ ఫుడ్ నేషన్’ రాసిన ఎరిక్ ష్లాసర్ ఈ ఊళ్లను చూసి, సింక్లేర్ చెప్పిన చాలా సంగతులను మళ్లీ చెప్పవలసి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కమ్మీ పక్కన భుజం భుజం తగిలేలా నిలబడి పనిచేసే కార్మికుల్లో కోవిడ్ పెద్దయెత్తున పాకి, ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి. ఆ నెల 28న అధ్యక్షుడు ట్రంప్ రక్షణ ఉత్పత్తుల చట్టం కింద మాంసం సరఫరా ఆగకుండా చూడాలని ఉత్తర్వు ఇచ్చాడు. కార్మికుల మధ్య ఎడం, ముఖానికి మాస్కు, జ్వరమొస్తే సెలవు గురించి ప్రభుత్వం ఇచ్చినవి సూచనలు. వాటిని పాటించి తీరాలన్న నిబంధన ఏదీ ఆ ఉత్తర్వులో లేదు.